స్వర్ణ నెత్తుట్లో అలివి వల

మైపాడు సముద్రపు ఒడ్డున అలివి వల అనే పెద్దవల లాగేటప్పుడు పోలేరయ్య తాడు ముట్టడు. అటో గుంపు, ఇటో గుంపు తాళ్లు లాగుతుంటే మొలలోతు నీళ్లలో నిలబడి వల పోకడ చూస్తాడు. "ఆపండి" అంటే అందరూ ఆగాలి. మళ్లీ ఆయన "లాగండి" అనేదాకా ఎంత మొనగాడైనా తాడు కదిలించకూడదు. అది తాతలనాటి కట్టు.

ఇంట్లో మాత్రం ఆయన మాట చెల్లడం లేదు. కూతురు స్వర్ణ మోకాళ్లు వాచి మంచం దిగలేకపోతోంది. దాని మణికట్టుకు చెవి ఆనిస్తే నెత్తుట్లో తాళ్లు లాగే కేకలు వినిపిస్తాయి. చేపలకొచ్చిన మస్తానమ్మ కూడా విని, "ఈ పొద్దు జోరు మీదుండారే" అని, బేరమాడి వెళ్లింది.

నెల్లూరులో డాక్టర్ కరుణాకుమారి ముందు చెవి ఆనించి, తర్వాతే రిపోర్టులు చూసింది.

"ఈ కేకలు ఒంటికి కాపలా కాసే కణాలవి. వీటి లోపల పని చెప్పే హుకుంలు తిరుగుతుంటాయి. వాటిని పట్టుకుని చాల్లే అని నోరు మూయించేవి చిట్టి ఆర్‌ఎన్‌ఏలు. కణం ఎదిగేటప్పుడు దారిలో పెట్టేవీ అవే. మీ పాపకు అవి తక్కువ. అందుకే కాపలావాళ్లు ఇంటివాళ్లనే కొడుతున్నారు."

"వాటిని నింపే మందు లేదా అమ్మా?"

"ఇంకా రాలేదు పోలేరయ్యా."

ఆ సాయంత్రం పిల్ల ఏడుపు చూడలేక, దిక్కుతోచక, పోలేరయ్య దాని మణికట్టు దగ్గర నోరు పెట్టి "ఆపండి" అన్నాడు. కేకలు ఆగాయి. తెల్లారేసరికి వాపు దిగింది. వారం తిరక్కుండా స్వర్ణ ఒడ్డున పరుగులు పెట్టింది. తల్లి కామాక్షమ్మ పోలేరమ్మకు పొంగలి పెట్టింది.

ఆ సంబరంలో పోలేరయ్య "లాగండి" అనే రెండో మాట మరిచిపోయాడు. పరుగుల్లో స్వర్ణ పాదానికి ఆల్చిప్ప గీసుకుంది. గోటంత గాటు. వాపు లేదు, చీము లేదు, జ్వరమైనా రాలేదు. పాదం మాత్రం నల్లబడుతూ వచ్చింది. మణికట్టుకు చెవి ఆనిస్తే లోపల చప్పుడే లేదు.

"అందరూ తాళ్లు పట్టుకోని నిలబడుండారు. నేను చెప్పందే కదలరు," అన్నాడు భార్యతో.

"చెప్పయ్యా మరి."

"చెప్తే మళ్లీ మోకాళ్ల మీద పడతారు."

"లాగమను నాయనా," అంది స్వర్ణ నీరసంగా.

"లాగండి" అన్నాడు. నలుపు మడమ దగ్గర ఆగింది. మోకాళ్లు పొంగాయి. పిల్ల తాళలేకపోయింది. "ఆపండి" అన్నాడు. నలుపు మళ్లీ కదిలింది.

అప్పటినుంచి పోలేరయ్య వలకు పోలేదు. కూతురి మణికట్టు పట్టుకుని దాని వెనకే నడుస్తాడు, బడిలో దాని బెంచీ మీదే కూర్చుంటాడు. ఆపండి, లాగండి. రెండు మాటల మధ్య దొరికినంతే ఆయన నిద్ర. కామాక్షమ్మ ఆ సందులోనే అన్నం ముద్ద నోట్లో పెడుతుంది. స్వర్ణ నడుస్తోంది.

ఒకరోజు కునికిపాట్లు పడుతున్న తండ్రిని చూసి దానికి జాలేసింది. మెల్లగా చెయ్యి విడిపించుకుని, తన మణికట్టు దగ్గర తానే నోరు పెట్టి "ఆపండి" అంది.

లోపల ఎవరూ వినలేదు. వాళ్లకు పోలేరయ్య గొంతే తెలుసు.