రైట్‌రైట్ గారి నిలకడ

ఉద్యోగమంతా నడిచే బస్సులో అటూ ఇటూ తిరిగిన కండక్టరు, రిటైరయ్యాడు కదా అని ఇంట్లో కుదురుగా కూర్చుంటాడా? కూర్చోడు. వీధిలో అందరూ ఆయన్ని రైట్‌రైట్ గారనే పిలుస్తారు. ఇవాళైతే మరీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

లోపలి గదిలో కోడలు కంప్యూటర్ ముందు ఇంటర్వ్యూలో ఉంది. తను పనిచేసే కంపెనీ మూతపడ్డాక ఎక్కడ అడిగినా రేపు మాపు అని తిప్పించుకున్నారు. ఇదొక్కటే ఆఖరిదాకా వచ్చింది. కొడుకు ఆఫీసుకు వెళ్తూ, నెట్ పోకుండా చూడమని తండ్రికి అప్పగించాడు. ఆయన ఆ మాట నెత్తిన పెట్టుకున్నాడు.

కాసేపటికే లోపలినుంచి “హలో, వినిపిస్తోందా?” అని వినబడింది. ఆయన ఒక్క ఉరుకున హాలు మూలనున్న రౌటర్ దగ్గరికెళ్ళాడు. దీపాలు ఆరిపోయి, మళ్ళీ ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అన్నీ పచ్చబడేదాకా కాపలా కాసి, హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగాడు. గది తలుపు చేరేలోపు మళ్ళీ “హలో” మొదలైంది.

వంటింట్లో మిక్సీ మీద అనుమానపడి ఆపించి, భార్య చేత చీవాట్లు తిన్నాడు. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యమన్నారు. దానంతట అదే ఆగి వెలుగుతుంటే నేనెందుకు ఆపడం అని కసురుకుని పెట్టేశాడు. మళ్ళీ రౌటర్ వైపు నడుస్తుండగా, కళ్ళ ముందే దీపాలు టక్కున ఆరాయి. ఆయన కిందికి చూసుకున్నాడు. కాలు నేల మీద పరిచిన పట్టా మీద ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. రౌటర్‌ను కోడలి గదికి దగ్గరగా జరిపినప్పుడు కరెంటు వైరు చాలక, ఇంకో ముక్క అతికించి టేపు చుట్టి, ఎవరూ తట్టుకుని పడకూడదని ఆ పట్టా కింద దాచింది తనే. అతుకు మీద అడుగు పడ్డప్పుడల్లా కరెంటు పోతోంది. ఆయన మెల్లగా పట్టా దాటి మూలకు చేరాడు.

దీపాలు పచ్చబడ్డాయి. లోపల కంప్యూటర్‌లోంచి ఒక మగగొంతు, ఇంకోసారి తెగితే ఇక ఇంతటితో ఆపేద్దామంది.

ఇక ఆయన కదల్లేదు. మోకాళ్ళు లాగేశాయి. కాలింగ్ బెల్ మోగింది. తలుపు తియ్యడానికి పట్టా మీదుగా రాబోతున్న భార్యను, టికెట్ లేనివాణ్ణి ఆపినట్టు చెయ్యడ్డం పెట్టి ఆపేశాడు. ఆవిడ నోరెళ్ళబెట్టింది. ఊరికే నిలబడటం ఇంత కష్టమని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

చాలాసేపటికి గది తలుపు తెరుచుకుంది. కోడలి కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

“సోమవారం నుంచి చేరమన్నారు మామయ్యా. చివర్లో ఒక్కసారి కూడా తెగలేదు. ఏం బాగుచేశారు?”

ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు.

“ఏమీ లేదమ్మా. నేను ఆగాను.”