ఎవరూ తెరవని వైపు

మైదా బంక అడుగంటకుండా కెలుకుతూ నిలబడింది రహమత్ బీ. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయగానే బంక లేతనీలం తిరిగింది. చిరిగిన లైబ్రరీ పుస్తకాలు అంటించేందుకు ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం ఈ పొయ్యి మీదే, తన పిండితోనే కాచింది. "సంగటి కెలకమంటే చేతులు నొప్పి, బంక కెలికేదానికి మాత్రం నొప్పి లేదు" అనేవాడు మొగుడు కాశిం సాహెబ్. "అట్టలు అంటించేదానికి ఆఫీసని పేరొకటి" అని అత్త అందుకునేది. అప్పట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ మాటలు గుర్తొచ్చినా చెయ్యి ఆగదు.

తిరుపతిలోని ఆ లైబ్రరీలో ఆమె చేరింది ఊడ్చే పనికి. ఒకనాడు దుమ్ము దులుపుతూ ఉర్దూ పుస్తకం తెరిచి పక్కున నవ్వేసింది. లైబ్రరీ ముద్ర చివరి పేజీ మీద పడి ఉంది.

"ఎందుకు నగుతుండావమ్మా?" అన్నాడు ఒక్కో పుస్తకానికి వివరాల కార్డు రాసే పరంధామయ్య.

"ఇది కుడి తట్టు నుంచి మొదలవుతాది సార్. పెండ్లయినాక పందిరేసినట్టుండాది మీ ముద్ర."

ఆ రోజు నుంచి ఆమె ఆయన పక్కన కూర్చుని పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు చదివి, లోపలేముందో చెప్పేది. ఆయన గుండ్రటి తెలుగక్షరాల్లో కార్డు రాసి మూలన సంతకం పెట్టుకునేవాడు. సిరా వాసన, సొరుగులు లాగే చప్పుడు, మధ్యాహ్నం సగం సగం పంచుకున్న టీ. ఎంత మంచి రోజులవి! మంచి రోజులు కాబట్టే, కార్డు మీద తన పేరెందుకు లేదని అడగబుద్ధి కాలేదు. చేసిన పనికి పేరు అడక్కపోవడం ఇంట్లోనే బాగా అలవాటైంది కదా.

ఇప్పుడు పరంధామయ్య లేడు, కార్డుల బీరువా లేదు. మిగతా పుస్తకాల వివరాలన్నీ ఇంటర్నెట్ నుంచి తయారుగా కంప్యూటర్లోకి దిగిపోతున్నాయి. చదివేవాళ్లు లేక నాలుగొందల ఉర్దూ పుస్తకాలకే దిక్కు లేదు. నెలాఖరుకల్లా ఎక్కించకపోతే మూటకట్టి రేణిగుంట గోడౌనుకు పంపేస్తారు. నిరుడు రిటైరైన రహమత్ బీకి కొత్త లైబ్రేరియన్ రూపశ్రీ ఫోన్ చేసింది.

"మీరు చదవండమ్మా, నేను టైపు చేస్తా."

"జీతం లేని పనికి మళ్లీ పోతావా?" అన్నాడు కాశిం సాహెబ్. జీతం ఉన్నప్పుడు మాత్రం ఊడ్చినందుకే గానీ చదివినందుకు ఎవరిచ్చారు! పుస్తకాలు మూటల్లో పడకూడదు, అది ఖాయం. కానీ మళ్లీ ఆ పక్క కుర్చీయేనా? దారి పొడుగునా అదే ఆలోచన, ఒళ్లో బంక గిన్నె.

రూపశ్రీ మొదటి పుస్తకాన్ని ఎడమవైపు నుంచే తెరిచింది.

"ఆ తట్టు కాదు పాపా, ఈ తట్టు." రహమత్ బీ తిప్పి తెరిచింది. అసలు మొదటి పేజీ మూలన పెన్సిలుతో చిన్న ఉర్దూ రాత. రెండో పుస్తకంలోనూ ఉంది. మూడోదాంట్లోనూ.

"ఏం రాసుండాదమ్మా ఈడ?"

"రహమత్ బీ చదివి చెప్పింది, అని."

"ఎవరు రాసినారు?"

"నేనే. ఆఫీసులో ఈ తట్టు ఎవరు తెరిచినారు గనక?"

రహమత్ బీ బంక గిన్నె బల్ల మీద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"లెయ్ పాపా, ఆ కుర్చీ నాకియ్యి. చేసినవాళ్ల పేరు యాడ టైపు కొట్టాల్నో ముందు అది చూపించు."