నాలుగో నంబరు మూత

టైర్ల మేస్త్రి ఫోను మోగేసరికి మధ్యాహ్నం రెండు కావస్తోంది. అవతల బావ. లారీ నిండా ఇనుప పైపులు వేసుకుని కొండ దిగాల్సిన మనిషి, దిగకుండా దారి పక్కన ఆగి ఫోను చేస్తున్నాడంటే ఏదో గొడవే.

"ఏరా మేస్త్రీ, నీ పెట్టె మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. నాలుగో నంబర్లో గాలి దిగిపోతోందట. వెళ్ళి రాడ్డుతో కొట్టి చూశా. రాయిలా ఉంది టైరు. సావాసదోషం, నీ పెట్టెకీ అబద్ధాలు అలవాటయ్యాయి."

"నాలుగంటే వెనక ఎడమవైపు లోపలిది బావా. దాన్నే కొట్టావా?"

"ఇరవయ్యేళ్ళుగా లారీ తోలుతున్నా. నాకు ఎడమా కుడీ నువ్వు నేర్పు! సరే, కొండ దిగాక మాట్లాడతా. నడుపుతూ ఫోనెత్తనని మీ అక్కకి ఒట్టేశాను."

ఫోను పెట్టేశాడు. షాపు లెక్కలు చూసే అక్క బల్ల దగ్గర నుంచి తలెత్తింది. "ఏమిటంటాడు?"

"నీ మొగుడికి నా పెట్టె మీద కడుపుమంట," అని మేస్త్రి నవ్వాడు.

ఆ పెట్టె అమర్చి ఆర్నెల్లయింది. లారీకి పది టైర్లు, పదింటి వాల్వులకీ నంబరు వేసిన పది మూతలు. టైర్లో గాలి ఎంతుందో ప్రతి మూతా వైరు లేకుండానే డ్రైవరు ముందున్న పెట్టెకి చెబుతుంది. పెట్టె మేస్త్రి ఫోనుకీ చెబుతుంది. అంతకుముందు బావ బండి ఆపిన ప్రతిచోటా పది టైర్లనీ రాడ్డుతో కొట్టి, ఆ చప్పుడు విని గాని కదిలేవాడు కాదు. "బడిగంట కొట్టేవాడిలా ఏమిటి బావా ఆ మోత?" అని ఎగతాళి చేసి చేసి ఆ అలవాటు మాన్పించింది ఈ ఘనుడే. ఇప్పుడు పెట్టె ఏ నంబరు చెబితే బావ ఆ ఒక్కటే కొట్టి చూస్తున్నాడు.

మేస్త్రి ఫోనులో చూశాడు. నాలుగో నంబరు, తొంభై ఎనిమిది. పొద్దున నూట పది పాయింట్ల గాలి నింపి పంపాడు. చూస్తుండగానే తొంభై ఏడయింది. అబద్ధమైతే ఒకచోట నిలవాలి గాని ఇలా మెల్లగా దిగదే అనుకుంటూ గోడ మీది నల్లబల్ల వైపు చూశాడు. ఆ రోజు చేసిన పనులన్నీ దాని మీద సుద్దతో రాసి ఉన్నాయి. అన్నిటికంటే పైన బావ లారీ: "రెండు నాలుగులోకి, నాలుగు రెండులోకి."

పై ప్రాణాలు పైనే పోయాయి.

రెండో నంబరు, అంటే ముందు కుడి టైరు, ఒక పక్కే అరుగుతోందని దాన్ని వెనక్కీ, వెనకదాన్ని ముందుకీ మార్చాడు. చక్రాలు మారితే మూతలు విప్పి, ఏ నంబరు మూతని ఆ నంబరు చోటే బిగించాలి. పొద్దున బావ పక్కన నిలబడి మేస్త్రి గురకని అనుకరించి చూపిస్తుంటే, పగలబడి నవ్వుతూ చక్రాలని మూతలతో సహా మార్చేశాడు.

అంటే గాలి దిగుతున్నది వెనక కాదు, ముందు. స్టీరింగు కింది టైరు. మలుపులో అది పేలితే ఏ మొనగాడి చేతిలోనూ బండి నిలవదు. ఆ దారికి కుడిపక్కంతా లోయ.

ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాడు.

"ఎత్తడురా, నాకు ఒట్టేశాడుగా," అంది అక్క కాస్త గర్వంగా. తర్వాత తమ్ముడి మొహం చూసి లేచింది. "ఏమైంది?"

చెప్పాడు. ఆమె తిట్టలేదు. తన ఫోను తీసి చేసింది. అదీ మోగి మోగి ఆగింది. "నేనెందుకు వేయించుకున్నానురా ఆ ఒట్టు!" అంది.

తొంభై. ఎనభై నాలుగు.

గాలి ఎంతకి తగ్గితే పెట్టె అరవాలో ఆ హద్దు మేస్త్రి ఫోను నుంచే మార్చొచ్చు. పది టైర్లకీ నూట యాభై పెట్టాడు. అంత గాలి ఏ టైర్లోనూ లేదు కాబట్టి పదీ ఒకేసారి అరుస్తాయి. బావకి ఒళ్ళు మండుతుంది. బండి ఆపి పదీ కొట్టి చూస్తాడా, లేక పెట్టె పీకి అవతల పారేసి దిగిపోతాడా? పారేస్తానని ఇదివరకు రెండుసార్లు అన్నాడు. మేస్త్రి మీట నొక్కాడు.

ఎనభై. డెబ్భై ఆరు. డెబ్భై ఒకటి.

తర్వాత అంకెలన్నీ ఒక్కసారిగా పోయి తెర తెల్లబడింది.

"ఏమిటది? ఏమైందిరా?" అక్క అతని మణికట్టు పట్టుకుంది.

"పెట్టె పీకేశాడేమో," అన్నాడు. లోయ మాట పైకి అనలేదు. టైర్ల గుట్ట మీద కూలబడ్డాడు. అక్క ఆ మణికట్టు వదల్లేదు. ఎంతసేపయిందో ఇద్దరికీ తెలియదు.

ఫోను మోగింది.

"నీ పెట్టె వైరు పీకేశాన్రా," అన్నాడు బావ. గొంతులో వేళాకోళం లేదు. "చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే బండి ఆపాను. పదీ కొట్టి చూసి నిన్ను తిడదామని ముందు నుంచి మొదలెట్టా. కుడివైపుది మెత్తగా ఉందిరా. దబ్ మంది. పెద్ద మలుపు ఇంకో వంద గజాల్లో ఉంది."

"బావా, తప్పు నాదే. మూతలు మార్చలేదు."

తిడితే బాగుండునని మేస్త్రి ఎదురుచూశాడు.

"ఇవాళ ఇంకెన్ని బళ్ళకి చక్రాలు మార్చావురా?" అన్నాడు బావ.

మేస్త్రి నల్లబల్ల వైపు తిరిగాడు. బావ లారీ కింద ఇంకో రెండు వరుసలున్నాయి. పాల ట్యాంకరు. స్కూలు బస్సు. రెండింటికీ ఇలాంటి పెట్టెలే. రెండూ ఎప్పుడో వెళ్ళిపోయాయి. వాటి మూతలు విప్పాడో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

అక్క అతని మణికట్టు వదిలి తన ఫోను చేతిలోకి తీసుకుంది.

"ముందు బస్సు డ్రైవరు నంబరు చెప్పు," అంది.