కడిగిన కాళ్లు

చెప్పులు సంచిలోనే ఉన్నాయి కదా, ఉన్నాయి, నాగర్‌కర్నూల్‌లో షుగర్ డాక్టరు కొలత తీయించి భర్తకు ఇప్పించిన మెత్తని చెప్పులు, వేదిక మెట్ల దగ్గర ఏసమ్మ సంచి మీది నుంచే వాటిని మళ్లీ తడిమింది, ఎదుట వనపర్తి మైదానమంతా సువార్త సభకు వచ్చిన తలలే, వేదికకు అటూ ఇటూ రెండు తెరలు, వాటి మీద భర్త చిన్నయ్య ముఖం, నలభై ఏళ్లు సైకిలు మీద పల్లెపల్లెకూ తిరిగి దేవుని వాక్యం చెప్పిన ముఖం, గోడంత పెద్దదై సిగ్గుపడుతోంది, పక్కన తెల్లని దుస్తుల్లో సుదర్శన్, పోస్టర్ల మీద అంతర్జాతీయ దైవజనుడు, ఇరవై ఏళ్ల కిందట సోమశిల దగ్గర కృష్ణలో చిన్నయ్య చేతనే బాప్తిస్మం పొంది తన ఇంట్లో జొన్నరొట్టె తిన్నవాడు, ఈ సాయంత్రం, ఏసు శిష్యుల కాళ్లు కడిగినట్టు, గురువు పాదాలు కడుగుతాడట, తగ్గింపు అంటే, తనను తాను తగ్గించుకోవడమంటే ఏమిటో లోకానికి చూపుతాడట, చూపడానికి ఆరు కెమెరాలు.

ఆ పాదాలను మధ్యాహ్నమే కడిగేశారు, గుడారం వెనుక, షాంపూతో, చెవికి మైకు తగిలించుకుని సభ ఏర్పాట్లు చూసే నవ్య అనే పిల్ల ఎడమ అరికాలి పుండు చూసి ముఖం తిప్పుకొని చర్మం రంగు పట్టీ అంటించింది, అమ్మమ్మా, గీ కాలు పళ్లెంల పెట్టరు, కుడికాలే కడుగుతరు, నువ్వు పరేషాన్ కాకు, మరి చెప్పులో బిడ్డా, వేదిక మీద చెప్పులేంది అమ్మమ్మా, పరిశుద్ధ స్థలం కదా, పోయిన వేసవిలో పుండు పుట్టిందీ ఇలాగే, ఇంట్లో కూడా చెప్పులు విడవద్దని డాక్టరు చెప్పినా, దేవుని మందిరంల చెప్పులేసుకుంటనా ఏసమ్మా అని గుమ్మం బయటే విడిచి, స్పర్శ లేని పాదంలో మేకు దిగినా తెలియక గంటసేపు ప్రసంగించాడు, చాప మీద ఎర్రని అడుగులను ముందు చూసింది తనే, ఇంకోసారి ముదిరితే మోకాలి కింది దాకా తీసెయ్యాల్సి వస్తదమ్మా అన్న డాక్టరు మాట ఏ పూటా ఆమెను వదల్లేదు.

వెండి పళ్లెం, నీళ్లలో గులాబీ రేకులు, సుదర్శన్ మోకాళ్లూనాడు, కుడికాలు కడిగి తుడిచాడు, జనం ఏడుస్తున్నారు, అయిపోయింది అనుకుంది, కాలేదు, మైకు అందుకున్నాడు, డాక్టర్లు చేతులెత్తేసిన పుండు ప్రియులారా, ఎవరు ఎత్తేశారు, రోజూ తను కడిగి కట్టు కడుతుంటే సగం మానిన పుండు, ఈ క్షణమే మానింది, అయ్యగారూ, విశ్వాసంతో లేచి పరుగెత్తండి, చెక్కలు కలిపి మేకులు కొట్టిన వేదిక, చిన్నయ్య చేయి కుర్చీ మీద ఆనింది, లేస్తాడు, కాదనడం చేతకాని మనిషి, పొద్దున ఏమన్నాడు, పిలగాడు ప్రేమతోని పిలిచిండు, పోకుంటే చిన్నబోతడే, చిన్నబోతే పోనీ, కాలు పోతే ఎవరిస్తరు, నీకు నోరెక్కువ ఏసమ్మా, అవును, ఎక్కువే, అందరూ ఆయన వినయాన్ని మెచ్చినవారే, దానికి కాపలా కాసిన తన నోటిని తిట్టినవారే, ఇప్పుడు ఆ వినయాన్నే కాడికి కట్టి దున్నుకుంటున్నాడు సుదర్శన్.

తను వేదిక ఎక్కితే అమ్మగారికే విశ్వాసం లేదంటారు, దేవుని కార్యానికి అడ్డొచ్చిందంటారు, ఆదివారం మందిరంలో తన పక్కన ఎవరైనా కూర్చుంటారా, చిన్నయ్య లేచి నిలబడ్డాడు, నవ్య ఏసమ్మ చేయి పట్టుకుంది, ఆగు అమ్మమ్మా, కెమెరాల పడుతవ్, పడనీ బిడ్డా, చెయ్యి ఇడువు, ఒక మెట్టు, రెండో మెట్టు, తెర మీద సంచి పట్టుకున్న వంగిపోయిన ముసలిది ఎవరు, తనే, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి సుదర్శన్, పెదవుల మీది నవ్వు చెదరకుండా, ఏంది అమ్మగారూ గిది, ఇజ్జత్ తీస్తవా, ఆమె కూర్చో అని భర్తతో అంది, వంగి ఎడమ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుంది, ఏసమ్మా, అందరు చూస్తున్నరే, చూడనీ, కింద ఎవరో అవిశ్వాసురాలు అని అరిచారు, తర్వాత పది గొంతులు, తర్వాత లెక్క తెలియలేదు, భయం పోలేదు, సంచిలోంచి చెప్పు తీసి తొడిగింది, దాని పట్టీ రెండుసార్లు జారింది, మూడోసారి బిగిసింది, అప్పుడు తెలిసింది ఆమెకు, ఇంతమంది ఎదుట అవిశ్వాసురాలన్న పేరు మోస్తూ ఈ పాదం దగ్గర వంగి ఉండడమే ఇవాళ తన వంతుకు వచ్చిన తగ్గింపు అని.