తుమ్మ వాలిన వైపు

బెల్లం పొయ్యి కట్టమంటే అల్లావుద్దీన్ ముందు ఇటుకలు చూడడు, చెట్లు చూస్తాడు. అనకాపల్లి నుంచి షేర్ ఆటోలో కశింకోట దాటి వచ్చి, చెరకుతోట గట్టు మీద నిలబడి చుట్టూ కలియజూస్తాడు. కొమ్మల కొసలే ఒక పక్కకి వాలితే మామూలు గాలి. మాను కూడా ఒంగిందా, మొండిగాలి. గాలి వచ్చే వైపు పొయ్యి మూతి పెడితే మంట బుద్ధిగా చెరకురసం కాగే పెనం కిందకి పోతుంది. తప్పు పెట్టేమా, మూతిలోంచి వెనక్కి తన్ని, చెరకు పిప్పి ఎగదోసే మనిషి మీద పడుతుంది.

ఎర్రయ్య పొయ్యి దగ్గర ఎగదోసేది అతని పెళ్ళాం చిన్నమ్మలు.

అక్కడి తుమ్మచెట్టు తూర్పుకి వాలి ఉంది. అంటే పడమటిగాలి. సరే అని మూతి పడమటికి పెట్టి, మొదటి ఇటుకకి పసుపు రాసేరు. పసుపు రాసిన ఇటుక కదపకూడదని ఆ ఊళ్ళో పట్టింపు. రెండో వరస పడుతుండగా తుమ్మ ఒళ్ళు విరుచుకుని, మాను తిప్పుకుని, పడమటికి వాలిపోయింది. చిన్నమ్మలు మంచం కొత్త నీడలోకి లాక్కుంది. రాబోయే గాలికి ముందే ఒంగే చెట్టది, ఊరందరికీ తెలిసిందే.

“ఈ ఏడు సముద్రం గాలి అల్లుడూ, మొండిది. మూతి తూర్పుకి మార్చాలి” అన్నాడు అల్లావుద్దీన్ ఎర్రయ్యతో.

“పసుపు ఇటుక కదుపుతారేటి మామా! అరిష్టం. మా బాబు కాడ్నుంచీ పడమరే.”

చిన్నమ్మలుకి ఒళ్ళు మండిపోయింది. “మంట ఎదురుతిరిగితే కాలేది మీ బాబు మొగమా, నా మొగమా?” అంటూ పసుపు ఇటుక పెకలించి అవతల పెట్టింది. “నువ్వు కట్టు బాబాయ్. ఏ అరిష్టం వత్తాదో నేను సూత్తాను.”

మొదటి వంట నాడు సముద్రం గాలి విరుచుకుపడింది. మంట పెనం కింద ఈ చివర నుంచి ఆ చివరకి సాగి, పడమటి పక్క పొగగొట్టంలోంచి మనిషెత్తు లేచింది. ఎర్రయ్య ఆ మంటని చూసేడు, పెళ్ళాం మొహం చూసేడు. మూతి అటే ఉండి ఉంటే ఆమె కూర్చునేది అక్కడే.

“లెగే, నేను ఎగదోత్తాను” అన్నాడు.

“బాగుంది! భయం తీరేక పౌరుషం వచ్చిందేటి!”

అంటూనే లేచింది. బెల్లం వంటలో పెద్దరికమంతా పాకం చూసేవాళ్ళది. అన్నేళ్ళూ అది ఎర్రయ్యదే. చిన్నమ్మలు అతని చేతిలోని తెడ్డు లాక్కుంది.

“సరే, కూకో. ఇకమీదట పాకం నేను సూత్తాను.”

ఎర్రయ్య కూర్చుని పిప్పి అందుకున్నాడు.

“మంట తగ్గించు” అంది చిన్నమ్మలు, పెనం మీంచి చూపు తిప్పకుండా.

ఎర్రయ్య తగ్గించేడు.