వాణికి ఇచ్చిన ఉత్తరం

మా మామగారు కూర్మారావు మాస్టారి దగ్గర వాణి నాలుగేళ్ళు పని నేర్చుకుంది.

బరంపురంలో మా మేడ మీద వంద కుండీలకు పైగా ఉన్నాయి. చింత, రావి, సరుగుడు, కాగితం పువ్వు, అన్నీ మోకాలి ఎత్తు దాటని బోన్సాయ్ చెట్లే. మామగారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఆ చెట్ల మధ్యే ఉండిపోయారు. భువనేశ్వర్‌లో ప్రదర్శన పెడితే ఆయన చెట్టు ముందు జనం ఆగి చూస్తారు.

వాణిది సముద్రం ఒడ్డున మార్కండి అనే జాలర్ల ఊరు. తండ్రి నడుం పడిపోయి వేటకు వెళ్ళడం మానేశాడు. తల్లి కన్నమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. వాణి ప్లస్ టూ దాకా ఒడియాలో చదువుకుంది. మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆమె చేతిలో తడి గోనెలో చుట్టిన సరుగుడు మొక్క ఉంది. తుపానుకు వంగిపోయినదాన్ని ఇసుకలోంచి వేళ్ళు తెగకుండా తవ్వి తెచ్చింది. అమ్మడానికేమో అనుకున్నాను.

"ఇది సిన్నగానే బతకాలంటే ఏటి సెయ్యాల మేస్టారూ?" అని అడిగింది.

మామగారికి ఆ ప్రశ్న నచ్చింది. మర్నాటి నుంచి రమ్మన్నారు.

రెండో నెలలో జీతం మాట నేనే ఎత్తాను. ఆయన కోప్పడలేదు. కలకత్తాలో తన గురువు దగ్గర ఏడేళ్ళపాటు సెలవులన్నీ గడిపారట. మొదటి రెండేళ్ళు కత్తెర ముట్టనివ్వలేదట. పైసా తీసుకోలేదు, అడగాలన్న ఆలోచనే రాలేదన్నారు.

"జీతమిస్తే పనిమనిషి అయిపోతుందమ్మాయ్. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లని నేను పనిమనిషిని చెయ్యను."

ఆ మాటలో వాణి మీద గౌరవమే కనిపించింది నాకు. ఊరుకున్నాను. ఊరుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆమె వచ్చాక నాకు మేడ ఊడ్చే పని తప్పింది.

మూడో ఏడు వచ్చేసరికి ఆయన చూపు బాగా తగ్గింది, చేతులు వణకడం మొదలైంది. కుర్చీలో కూర్చుని వెదురు పుల్లతో కొమ్మ చూపించేవారు. వాణి దానికి రాగి తీగ చుట్టి, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని వంచేది. విరగబోయే ముందు ఆగేది. ఎక్కడ ఆగాలో ఆయన చెప్పేవారు కాదు. అది పట్టుకున్న వేళ్ళకు తెలియాలి. కొన్నాళ్ళకు ఆయన ఒక కొమ్మ చూపిస్తే ఆమె పక్కదాన్ని వంచడం నేను చూశాను. ఆయన గమనించలేదు. సాయంత్రం చెట్టు చుట్టూ చేత్తో తడిమి, తాను అనుకున్నట్టే వచ్చిందని తృప్తిపడేవారు. వాణి నా వైపు చూసి నవ్వు దాచుకునేది.

ఈ ఎండాకాలంలో గోపాల్‌పూర్‌లో ఒక కొత్త హోటల్ వాళ్ళు ముప్పై బోన్సాయ్ చెట్లు కొన్నారు. వాటిని చూసుకునే మనిషి కావాలని తెలిసి వాణి వెళ్ళి అడిగింది. పని వచ్చని కూర్మారావు మాస్టారు ఒక ఉత్తరం రాసిస్తే ఒకటో తారీకు నుంచి పెట్టుకుంటామని మేనేజరు చెప్పాడు. అప్పటికే వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లలను కేరళలో రొయ్యలు వలిచే కంపెనీకి తీసుకెళ్ళే మేస్త్రీ ఆమె పేరు రాసుకుని ఉన్నాడు. ఉత్తరం దొరికితే ఇంటిపట్టున ఉండొచ్చు, లేకపోతే రైలెక్కాలి. ఆ సంగతి నాతో చెప్పింది గాని ఆయనతో చెప్పలేదు. మేస్టారిని బలవంతపెట్టినట్టు అవుతుందట.

ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను. వాణి అనే ఈమె నాలుగేళ్ళుగా మా ఇంటి చెట్లకు నీళ్ళు పోసింది, వేళకు వస్తుంది, నమ్మకస్తురాలు. అక్కడితో ఆపేశారు.

తీగ చుట్టడం, వేళ్ళు కత్తిరించడం, కుండీ మార్చడం కూడా రాయనా అని అడిగాను.

"అవి నేను చేశాను. తను పట్టుకుంది."

"మీరు రెండేళ్ళుగా కత్తెర పట్టలేదు కదా మామయ్యగారూ."

"చూపించింది ఎవరు?" అన్నారు. ఏడేళ్ళకు గాని ఈ విద్య వచ్చిందని చెప్పడానికి లేదని, వచ్చిందని రాస్తే అబద్ధమవుతుందని, తన సంతకం మీద అబద్ధం ఉండకూడదని చెప్పారు.

కంప్యూటరు తెర మీది అక్షరాలు ఆయనకు కనిపించవు. సంతకం ఎక్కడ పెట్టాలో కూడా నేనే వేలు పట్టి చూపించాలి. మధ్యలో ఒక్క వాక్యం చేరిస్తే ఆయనకు తెలిసేది కాదు. ఆ వాక్యం నా మనసులో తయారుగా కూడా ఉంది. చేర్చలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు, కామా కూడా తప్పకుండా టైపు చేశాను.

కాలేజీ రోజుల అలవాటు ప్రకారం ఆయన కవరు అంటించి ఇచ్చారు. వాణి ఆయన కాళ్ళకు దండం పెట్టి, కవరు నలగకుండా నోటుపుస్తకంలో పెట్టుకుంది. గేటు దాకా వెళ్ళాను.

"మేస్టారు బాగా రాసినారు కదమ్మా?"

ఈ వేళప్పుడు బస్సు దొరుకుతుందా అని అడిగాను.

ఐదో రోజు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వరండా మెట్టు మీద కూర్చుని జరిగింది చెప్పింది. మేనేజరు ఉత్తరం చదివి, నీళ్ళు పోసేవాళ్ళు మాకు ఉన్నారమ్మా అన్నాడట. కాగితం ఆమెకే తిరిగి ఇచ్చేశాడు. ఆమె దాన్ని బస్‌స్టాండులో కూడబలుక్కుని చదువుకుంది.

"మీకు తెల్సా అమ్మా, అందులో ఏటుందో?"

"నేనే టైపు చేశాను" అన్నాను.

రోడ్డు వైపు తిరిగింది. "మా యమ్మ రోజూ దెప్పీది. ఏటే, ఆ సెట్లు నీకు సీర పెడతాయేటి అనీది. నేను శిష్యురాల్నే, జీతం అడక్కూడదే అన్నాను. నాలుగేళ్ళు అడగనేదు. మరి కాగితం కాడికొచ్చీసరికి పనిమనిషినైపోనానేటమ్మా?"

నా పేరున ఇంకో ఉత్తరం రాసిస్తానన్నాను. నా కళ్ళతో చూసిందంతా రాస్తానన్నాను.

"మీ పేరు ఎవులికి తెల్సమ్మా?"

వెటకారంగా అనలేదు. నాకు తెలియని విషయమేదో నొప్పి తగలకుండా చెబుతున్నట్టు అంది. మర్నాడు పొద్దున్న రైలని చెప్పింది. మేస్టారితో చెప్పి వెళ్ళమన్నాను. పడుకున్నారేమో, లేపొద్దంది. మంచినీళ్ళు తాగి, గ్లాసు కుళాయి కింద కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఆయనతో ఆ సాయంత్రమే చెప్పాల్సింది. మూడు రోజులు ఆగాను. హోటల్ సంగతి చెప్పడానికి వాణి ఇంకా రాలేదేమని ఆయనే అడిగినప్పుడు చెప్పాను.

"కేరళలో ఏం పని?"

"రొయ్యలు వలవడం. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో."

"ఐసులో వేళ్ళు మొద్దుబారిపోతాయమ్మాయ్. ఇంక కొమ్మ పట్టుకుంటే ఎక్కడ విరుగుతుందో తెలీదు. అలాంటి చెయ్యి నేను ఇంకొకటి చూడలేదు" అన్నారు.

"ఆ ముక్క రాసి ఉంటే సరిపోయేది మామయ్యగారూ."

పాతికేళ్ళలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. కొంతసేపటికి ఆయన హోటలుకు ఫోను కలిపి ఇమ్మన్నారు. ఆమెకు అన్ని పనులూ వచ్చని, తనకంటే బాగా వచ్చని మేనేజరుకు ఒడియాలో చెప్పారు. ఆ మాట చెప్పడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. అవతలివాడు మర్యాదగానే విన్నాడు. ఆ పనిలో సోమవారమే ఇంకొకతను చేరిపోయాడన్నాడు.

మాట అయిపోయాక కూడా ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తియ్యలేదు. నేనే తీసి కట్ చేశాను.