మూసేసిన కాజాలు

నాన్న చొక్కా వేసుకోవడానికి నలభై నిమిషాలు పట్టేది. అందులో అరగంట గుండీలకే. చేతులు వణకడం మొదలై రెండేళ్లయింది. గుండీ కాజా దాకా వచ్చి, దూరబోయి, వేళ్ల సందులోంచి జారిపోయేది. మళ్లీ మొదటికి. నేను షాపు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉడికిపోయేదాన్ని.

"ఇలా తిరుగు నాన్నా, నేను పెడతా."

"నా చొక్కా నేను వేసుకున్నన్నాళ్లూ నేను మనిషినే. నువ్వు పోయి షాపు తెరువు."

పోవడానికి వీల్లేదు. టిఫిను తిన్నాకే ఆయనకి మాత్రలు వేయాలి. ఆయనేమో గుండీలన్నీ పెట్టుకోకుండా కంచం ముందు కూర్చోడు. నలభై ఏళ్లు దర్జీగా బతికిన మనిషి, చొక్కా తెరుచుకుని తినడమంటే ఆయనకు తలవంపులు. ఆ షాపు ఆయనదే. ఇప్పుడు నేను నడుపుతున్నాను. కాజాలు కుట్టడం నేర్పేటప్పుడు నాతో ఒకే కాజాని పాతికసార్లు విప్పించాడు. నేను ఏడ్చినా సరే, సూది మాత్రం ఒక్కసారి కూడా నా చేతిలోంచి లాక్కోలేదు.

ఆర్నెల్లకోసారి ఇంటికొచ్చే నర్సమ్మ ఒక కాగితం ఇచ్చింది. బీరువా తలుపుకి అంటించాను. మాత్రల వేళలు, బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ, కాలు జారని పట్టా, మంచం పక్కనే లైటు స్విచ్చి. అన్నీ పొల్లుపోకుండా చేశాను. కమ్మీ బిగించడానికి వచ్చినవాణ్ణి నిలబెట్టి మూడుసార్లు ఊపి చూశాను. కాగితం చివర ఇంకో మాట ఉంది: "ఆయన చేసుకోగలిగిన పని ఆయన్నే చేసుకోనివ్వండి, ఎంత ఆలస్యమైనా." అది పనీపాటా లేనివాళ్ల కోసం రాశారులే అనుకున్నాను.

స్కూళ్లు తెరిచే రోజులు వచ్చాయి. యూనిఫాంలు గుట్టలుగా పడ్డాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, నాన్న కునుకు తీస్తుంటే, ఆయన చొక్కాలు ఏడూ షాపుకి పట్టుకుపోయాను. గుండీలు కోశాను. కాజాలు వెనకవైపు నుంచి కుట్టి మూసేశాను. గుండీలు వాటి మీదే ఉత్త అలంకారానికి కుట్టి, లోపల నొక్కితే అంటుకుని లాగితే ఊడొచ్చే టేపు వేశాను. పైకి చూస్తే పుట్టించిన బ్రహ్మ కూడా పోల్చుకోలేడు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఫోన్లో తమ్ముడికి చెబితే, "నీ బుర్రే బుర్ర అక్కా!" అన్నాడు. మెచ్చుకోవడం వాడికి బాగా వచ్చు. ఇంటికి రావడమే చేతకాదు.

మర్నాడు నాన్న చొక్కా తొడుక్కుని పై గుండీ పట్టుకున్నాడు. అది కదల్లేదు. బొటనవేలితో దాని కింద తడిమాడు. అక్కడున్నది ఆయన చేత్తో కుట్టుకున్న కాజా.

"మూసేశావా?"

"నీకు సులువుగా ఉంటుందని."

"చిరుగు పడితే మూస్తారే. ఇది చిరుగా?"

"తొమ్మిదింటికి షాపు తెరవాలి నాన్నా! నీ గుండీల కోసం పిల్లల స్కూళ్లు ఆగుతాయా?"

నోరు జారింది. ఆయన గుండీ మీంచి చెయ్యి తీసేశాడు.

మొదటి రెండు రోజులు టేపు ఆయనే అంటించుకున్నాడు, వంకరగా. వంకర కుట్టు కంటపడితే నాకు నిద్రపట్టదు, అది మా పనిలోని జబ్బు. పీకి సరిగ్గా అంటించేదాన్ని. మూడో రోజు నుంచి ఆయన్ని అడగడం కూడా మానేశాను. "గడ్డం పైకెత్తు నాన్నా" అనడం, నాలుగు నొక్కులు నొక్కడం. అయిపోయింది. చేయి అలవాటుపడ్డాక దువ్వెనా నేనే పట్టుకున్నాను, తర్వాత చెంచా కూడా. తొమ్మిదికి పది నిమిషాల ముందే షాపులో ఉండేదాన్ని. నా అంత బాగా నాన్నని చూసుకునేవాళ్లు లేరని నలుగురూ అంటుంటే, కాదనలేదు.

మళ్లీ నర్సమ్మ వచ్చింది. నడిపించింది, కూర్చోబెట్టింది. తన కోటు విప్పి ఆయన ఒళ్లో పెట్టి, "ఒక్క గుండీ పెట్టండి పెద్దాయనా" అంది.

నాన్న గుండీ వైపు చూశాడు. పట్టుకున్నాడు. తర్వాత ఏం చేయాలో వేళ్లకు తోచలేదు. నా వైపు చూశాడు.

"పోయినసారి పెట్టుకునేవారు కదా?" అంది నర్సమ్మ, నన్ను వంటింటి వైపు తీసుకెళ్లి. నేను టేపు సంగతి చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

"వణుకు అంతేం పెరగలేదమ్మా. వేళ్లకి పని లేకుండా పోయింది, అంతే."

"ఇప్పుడు మొదలుపెడితే మళ్లీ వస్తుందా?"

"రోజూ చేయించండి. కొంత రావచ్చు. మాటివ్వలేను."

ఆ సాయంత్రం షాపులో టేపులన్నీ పీకేశాను. నేను మూసిన కుట్లు ఒక్కొక్కటే విప్పుతుంటే, కింద ఆయన కుట్టు చెక్కు చెదరకుండా ఉంది. ఒక్క దారం కూడా లేవలేదు. తల కత్తెర బల్లకి ఆనించి ఏడ్చాను.

మర్నాడు తాళాలు ముట్టుకోలేదు. మంచం మీద ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఇవాళ షాపు లేదు నాన్నా. కాజాలు తెరిచేశాను, చూడు. నువ్వే పెట్టుకో."

ఆయన కాజా తడిమి చూసుకున్నాడు. ఒక్కసారి మొహం వెలిగింది. గుండీ పట్టుకున్నాడు. కాజా దాకా తెచ్చాడు. జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి కాజా పక్కనుంచి పోయింది. నా చేతులు ఆగక, వాటిని తొడల కింద పెట్టుకున్నాను. ఎనిమిదయింది. ఎనిమిదిన్నరయింది. టిఫిను చల్లారిపోయింది. గుండీ ఇంకా బయటే ఉంది.

"తొందరేం లేదు నాన్నా. సాయంత్రం దాకా కూర్చుంటా."

ఆయన చేతులు ఒళ్లోకి దిగిపోయాయి.

"నీకు టైమైపోతుందే తల్లీ," అన్నాడు. నేను అడగకుండానే గడ్డం పైకెత్తి పెట్టాడు.